ఎర్ర కండువా ముందా, ధాన్యం కాటా ముందా?

ఈసారి వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ మా వైపువే, అంటే దక్షిణ ఒడిశాలోని తెలుగువాళ్లవి. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, ఒకటి రాయగడ దగ్గర నుంచి. పేర్లు వేయొద్దని చాలామంది అడిగారు, అందుకని ఎవరివీ వేయడం లేదు. తిప్పి తిప్పి అందరూ అడిగింది ఒకటే: మన పల్లెల్లో మార్పు కోరే రాజకీయం నిలబడుతుందా అని. నాకు తెలిసినంతవరకూ, నేను చెడగొట్టుకున్న పనులతో సహా చెబుతాను.

ప్రశ్న: మాస్టారూ, విశాఖలో ఎమ్మెస్సీ చదివి ఊరికి తిరిగొచ్చాను. మా ఊళ్లో రెండు గ్లాసుల పద్ధతి ఇంకా పూర్తిగా పోలేదు, పదో తరగతి కాగానే ఆడపిల్లకి పెళ్లి చేసేస్తారు, ఓటంటే ముందురోజు రాత్రి వచ్చే కవరు. పదకొండుమంది స్నేహితులం కలిసి సమసమాజం, స్త్రీ సమానత్వం అని కరపత్రం వేసి సభ పెట్టాం. 14 మంది వచ్చారు. అందులో నలుగురు టెంట్‌హౌస్ కుర్రాళ్లు, కుర్చీలు తిరిగి పట్టుకెళ్లాలి కాబట్టి కూర్చున్నారు. ఇంత ఛాందసంగా ఉన్నచోట అభ్యుదయ ఉద్యమం కుదిరే పనేనా? అమెరికాలో కూడా పల్లెటూరి రాష్ట్రాల్లో ఇలాంటివాళ్లు తల బాదుకుంటున్నారని చదివాను. (కాశీనగర్)

జవాబు: కుర్చీల లెక్క వదిలెయ్ తమ్ముడూ. నా మొదటి సభకి ఒకాయన హరికథ అనుకుని వచ్చాడు, ఎంతకీ చిడతలు కనపడకపోయేసరికి లేచిపోయాడు.

అమెరికా ఊసెత్తావు కాబట్టి అక్కడి నుంచే వద్దాం. నార్త్ డకోటా అని కెనడా సరిహద్దులో ఒక రాష్ట్రం ఉంది. చలి, గోధుమ పొలాలు, చర్చి. ఇవాళ అక్కడ రిపబ్లికన్లు కాక ఇంకొకరు గెలవడం గగనం. అలాంటి రాష్ట్రానికి సొంతంగా ప్రభుత్వ బ్యాంకు ఉంది, ప్రభుత్వ పిండిమిల్లు ఉంది, రెండూ వందేళ్లుగా నడుస్తున్నాయి. అవి ఎలా వచ్చాయో తెలిస్తే నీ కరపత్రం మళ్లీ రాసుకుంటావు.

అప్పట్లో అక్కడి రైతు గోధుమ తెచ్చి రైల్వే స్టేషను పక్కన గిడ్డంగిలో పోస్తే, మినియాపొలిస్ షావుకార్ల పద్ధతి ప్రకారం ఇందులో మట్టి ఉంది, తేమ ఉంది అని ఇంత కోసేసి, మంచి గింజకి తక్కువ గ్రేడు వేసేవారు. ఎక్కడో విన్నట్టు లేదూ? మనం తరుగు అంటాం, ఒడియావాళ్లు కట్నీ ఛట్నీ అంటారు, వాళ్లు డాకేజ్ అన్నారు. అక్కడి వ్యవసాయ కాలేజీలో ఎడ్విన్ లాడ్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ నాసిరకం అన్న గోధుమని పిండి పట్టించి చూస్తే రొట్టెకి నిక్షేపంగా పనికొచ్చింది. ప్రభుత్వమే గిడ్డంగి కట్టాలని జనం ఓటేసి మరీ చెప్పినా 1915లో శాసనసభ దాన్ని పక్కన పడేసింది. ఇంటికి పోయి పందులకి కుడితి పెట్టుకోండని ఒక సభ్యుడు రైతుల్ని అన్నాడని ఊరూరా పాకిపోయింది. నేనలేదు మొర్రో అని ఆయన మొత్తుకున్నాడు, ఎవరు వింటారు.

ఆ సమయంలో ఆర్థర్ టౌన్లీ అనే ఒకాయన, అవిసె పంట వేసి నిండా మునిగినవాడు, సోషలిస్టు పార్టీ తరఫున ఊళ్లు తిరుగుతున్నాడు. ఆయన గమనించింది ఏమిటంటే, పార్టీ చెప్పే పనులన్నిటికీ రైతులు సరే అంటున్నారు, పార్టీలో చేరమంటే మాత్రం చెప్పులేసుకుంటున్నారు. దాంతో పార్టీ పేరు వదిలేసి 1915లో నాన్ పార్టిజన్ లీగ్, అంటే ఏ పార్టీదీ కాని సంఘం, మొదలుపెట్టాడు. ఐదే ఐదు డిమాండ్లు: గిడ్డంగులూ మిల్లులూ ప్రభుత్వానివి కావాలి, గ్రేడునీ తరుగునీ ప్రభుత్వం తనిఖీ చేయాలి, వడగళ్లకి బీమా ఇవ్వాలి, లాభం చూసుకోని అప్పు ఇవ్వాలి, పొలంలో కట్టుకున్న కొట్టాలకి పన్ను వద్దు. సోషలిజం అన్న మాట అందులో వెతికినా దొరకదు.

ఫోర్డు కార్లు కొని చలిలో ఇంటింటికీ తిరిగారు. వెళ్లేవాడు ఒక్కడే వెళ్లేవాడు కాదు, ఆ చుట్టుపక్కల నలుగురూ మాట వినే రైతుని ఒకణ్ని కార్లో పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లేవాడు. సభ్యత్వం ఊరికే ఇవ్వలేదు. 6 డాలర్లు, కొన్నాళ్లకి 9, అప్పట్లో అది చిన్న మొత్తం కాదు, చేతిలో డబ్బు లేకపోతే కోతల తర్వాతి తేదీ వేసి చెక్కు రాయించుకున్నారు. డబ్బు కట్టినవాడు ఆ సంఘాన్ని తనది అనుకుంటాడు, ఎవరైనా తిడితే తనే పోట్లాడతాడు. మీ పదకొండుమందిలో ఎంతమంది చందా కట్టారో నువ్వు రాయలేదు, నేనూ అడగను.

1916లో వాళ్ల మనిషి లిన్ ఫ్రేజియర్, ఒక మామూలు రైతు, గవర్నరయ్యాడు. అదీ కొత్త పార్టీ పెట్టి కాదు, అక్కడ ఏలుతున్న రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి ఎవరని జరిగే లోపలి పోటీలో గెలిచి. 1919లో బ్యాంకు తెరిచారు, 1922లో గ్రాండ్ ఫోర్క్స్‌లో మిల్లు మొదలైంది. మధ్యలో 1921లో ఫ్రేజియర్‌ని అదే జనం పదవి నుంచి దించేశారు, కానీ అదే రోజు బ్యాంకు ఎత్తేద్దామా అని అడిగితే వద్దన్నారు. మనిషిని దింపారు కానీ బ్యాంకుని ముట్టనివ్వలేదు. ఈ ముక్క నేను చాలాసార్లు తలుచుకుంటాను.

ఇప్పుడు నీ ఊరు. సమసమాజం అంటే మీ ఊరివాళ్లకి కోపం లేదు నాయనా, ఆ మాటకీ వాళ్ల ఇంటి చూరుకీ సంబంధం కనపడలేదు, అంతే. సంబంధం ఎక్కడుందో చెబుతా. కొన్నేళ్ల కిందట మా దగ్గర్లో ఒక మండీలో, ఏ మండీ అన్నది అనవసరం, కాటా పక్కన అరుగు మీద నేనూ ఒక ముసలి రైతూ ఆయన మనవరాలూ వంద పేజీల పుస్తకం పట్టుకుని కూర్చున్నాం. ఆ పిల్ల అప్పుడే టెన్త్ పాసయింది. బస్తా కాటా మీద పడగానే నేను అంకె పైకి చదివేవాణ్ని, ఆ పిల్ల రాసేది: పేరు, బస్తాలెన్ని, తేమ మీటరు ఎంత చూపించింది, ఎంత కోశారు. తేమ 17 శాతం వరకూ ఉండొచ్చని రూలు. మీటరు 16 చూపించినా క్వింటాలుకి ఐదు కిలోలు పోతున్నాయి. మొదటిరోజు మమ్మల్ని పలకరించినవాడు లేడు. రెండోరోజు మిల్లు తరఫు మనిషి వచ్చి ఆ పుస్తకం ఏంటండీ అన్నాడు. రాసుకుంటున్నాం అన్నాం. అంతకుమించి ఒక్క మాట అనలేదు, అనాలని నాకు నాలుక దురద పెట్టింది కానీ ముసలాయన నా తొడ గిల్లాడు. నాలుగోరోజుకి కోత రెండు కిలోలకి దిగింది. ఐదోరోజు రైతులే వచ్చి "నా పేరు రాసినావా అమ్మా?" అని ఆ పిల్లని అడగడం మొదలెట్టారు.

ఆ ఏడాది ఆ పిల్ల పెళ్లి ఆగింది. మేమెవరం బాల్యవివాహాల మీద ఉపన్యాసం ఇవ్వలేదు. ఇప్పుడే పంపేస్తే సీజన్‌కి లెక్క ఎవరు రాస్తారు అని వాళ్ల నాన్నే అన్నాడు. పై ఏడాది చేసేశారనుకో, అదీ చెప్పాలి కదా.

ప్రశ్న: మీలాంటివాళ్లు రైతు, రైతు అంటారు. మా వీధిలో ఎవరికీ సెంటు భూమి లేదు. మండీ ముఖం చూసినవాడు లేడు. మీ ఉద్యమంలో మేం జెండా మోయడానికేనా? (గుణుపురం దగ్గర)

జవాబు: ఈ దెబ్బ నాకు తగలాల్సిందే. 1990ల్లో మేం రైతు సంఘం పెట్టినప్పుడు మీటింగులన్నీ గుడి మండపంలో పెట్టేవాళ్లం, నీడ ఉంటుంది, గచ్చు చల్లగా ఉంటుంది అని. మీ వీధివాళ్లు వచ్చి మండపం కింద వేపచెట్టు దగ్గర నిలబడేవారు. రెండేళ్లపాటు, నిజంగా రెండేళ్లు, వాళ్లు ఎందుకు పైకి రావడం లేదన్నది మాలో ఎవరికీ తట్టలేదు. తట్టలేదని అంటున్నాను కానీ తట్టనివ్వలేదేమో. మూడో ఏడు కూలి రేటు గొడవ వచ్చినప్పుడు సంఘం సగానికి చీలింది, చీలినందుకు వాళ్లనే తిట్టుకున్నాం.

కాబట్టి పైన కాశీనగర్ తమ్ముడికి చెప్పినదానికి ఇంకోటి కలపాలి. కాటా దగ్గర మొదలెట్టమంటే కులం సంగతి తర్వాత చూద్దామని కాదు. ఒకవారం మీటింగు మీ వీధిలో, ఒకవారం వాళ్ల వీధిలో. టీ అందరికీ ఒకే రకం గ్లాసుల్లో, కడిగేది వంతులవారీగా. దీనికి ఒప్పుకోనివాడు తరుగు పోరాటంలో కూడా మధ్యలో జారుకుంటాడు, నేను చూశాను. కౌలుకి చేసేవాడి పేరు రికార్డులో ఉండదు, అందుకని వాడి ధాన్యం భూస్వామి పేరున టోకెన్ మీద పోతుంది, డబ్బు ఆయన ఖాతాలో పడుతుంది. ఈ ఒక్క విషయం మీద రైతులుగా చెప్పుకునేవాళ్లు మీ పక్కన నిలబడతారో లేదో ముందు చూడండి. ఉపాధి కూలి బకాయి కోసం బ్లాకాఫీసుకి మీతో వస్తారో లేదో చూడండి. వచ్చాక చేరండి. రాకపోతే మీ సంఘం మీరు పెట్టుకోండి, వాళ్లే వచ్చి అడుగుతారు.

ప్రశ్న: జెండా ఏ రంగు పెట్టాలన్న దాని మీద మా కమిటీలో నెలరోజులుగా వాదన. ఎరుపా, నీలమా, ఆకుపచ్చా? (పర్లాకిమిడి)

జవాబు: నెలరోజులా! ఆ నెలరోజుల్లో ఎన్ని పింఛను దరఖాస్తులు రాయొచ్చో. గుడ్డ కొనకండి.

ప్రశ్న: మా గ్రూపు ఆడవాళ్లం పొదుపు మీటింగుకి అందరం వస్తాం, ఈ కుర్రాళ్లు పెట్టే రాజకీయ మీటింగుకి మాత్రం ఒక్కరూ రారు. మాకు తెలివిలేదని వాళ్లు అంటున్నారు. (రాయగడ జిల్లా)

జవాబు: రాత్రి ఏడున్నరకి మీటింగు పెడితే వంట ఎవడు చేస్తాడో ఆ కుర్రాళ్లని అడగండమ్మా. పొదుపు మీటింగు మధ్యాహ్నం, అన్నాలయ్యాక, ఎవరో ఒకరి వాకిట్లో. మీ తెలివి అక్కడే ఉంది.

నెల్లూరు జిల్లా దూబగుంటలో జరిగింది పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు తమ కూలి డబ్బు సారా కొట్టుకి ఎలా పోతోందో పాఠంలో చదువుకుని, లేచి వెళ్లి ఆ కొట్టు మూయించారు. 1992 అయ్యేసరికి జిల్లా అంతా అంటుకుంది, సారా వేలంపాటలు ఆగిపోయాయి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్, 1995లో మొత్తం మద్యనిషేధం. 1997లో నిషేధం ఎత్తేశారు, అది వేరే దుఃఖం. నేను చెప్పేదేమిటంటే వాళ్లని ఎవరూ మహిళా విముక్తి సభకి పిలవలేదు. వాళ్లు అప్పటికే కూర్చుంటున్నచోట, అప్పటికే మాట్లాడుకుంటున్న సంగతి మీద కదిలారు.

మీ పొదుపు మీటింగు చివర పదిహేను నిమిషాలు పెట్టుకోండి. ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే సుభద్ర పథకం డబ్బు ఎవరికి పడలేదు, ఎందుకు పడలేదు, ఆధార్‌లో పేరు తప్పా, బ్యాంకుదా. రాసుకుని సోమవారం గ్రీవెన్స్‌కి పది మంది వెళ్లండి. ఒక్కరు వెళితే రేపు రమ్మంటారు, పదిమంది వెళితే కూర్చోమంటారు. కుర్రాళ్లు కావాలంటే వెనకాల నిలబడి ఫోటోలు తీసుకోవచ్చు.

ప్రశ్న: కరపత్రం తెలుగులో వేస్తే ఒడియావాళ్లు మీది ఆంధ్రా పార్టీ అంటున్నారు, ఒడియాలో వేస్తే మా అమ్మకే అర్థం కావడం లేదు, కొండ మీద సవరలకి రెండూ పట్టవు. ఏం చేయాలి? (పర్లాకిమిడి, రిటైర్డు టీచర్)

జవాబు: మీరు ఏ ఊళ్లో కూర్చుని అడుగుతున్నారో చూసుకోండి మాస్టారూ. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు. జనం మాట్లాడే తెలుగే రాయాలని పండితులందరితో తగువు పెట్టుకున్న మనిషి, దానికి ముందే సవర నేర్చుకున్నారు. వాళ్లకి బళ్లు పెట్టించారు, పాఠాలు రాశారు, వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసిందని అలిగి రాజమండ్రి వెళ్లిపోయారు, ఆ విషయంలో నాకు ఆయన మీద చిన్న కినుక ఉంది, ఉండిపోతే బాగుండేది.

కరపత్రం మానేయండి, లేదా మూడు భాషల్లో మూడు వాక్యాలే వేయండి. మాట్లాడేవాళ్లు ముగ్గురు ఉండాలి, ఒక్కో భాషకి ఒకరు. సవర మనిషిని దుబాసీగా తీసుకెళ్లకండి, నాయకుడిగా తీసుకెళ్లండి. మా పాత సంఘంలో పదేళ్లు దుబాసీగా ఉన్నాయన ఒకరోజు అన్నాడు, "మీరు పావుగంట చెబుతారు, నేను రెండు ముక్కల్లో చెప్పేస్తాను, వాళ్లు తలూపుతారు. మిగతాది మీకోసమే మీరు చెప్పుకుంటున్నారు" అని.

ప్రశ్న: పంచాయతీ ఎన్నికల్లో పోటీ చేద్దామని మాలో సగం, వద్దని సగం. ఓడిపోతే పరువు పోతుందేమో. (కాశీనగర్)

జవాబు: వార్డు మెంబరుకి చేయండి. సర్పంచికి తొందరపడకండి. జిల్లా పరిషత్ జోలికి అసలే వద్దు, ఒడిశాలో అది పార్టీ గుర్తుల మీద జరుగుతుంది, వార్డుకీ సర్పంచికీ పార్టీ గుర్తులుండవు. పార్టీ లేని పోటీ అంటే మీలాంటివాళ్లకి తలుపు ఓరగా తీసి ఉన్నట్టే. వార్డుకి వందో రెండొందలో ఇళ్లు, ప్రతి ఇంటికీ మూడుసార్లు వెళ్లొచ్చు. సగం సీట్లు ఆడవాళ్లవి, అక్కడ ఎవరి భార్యనో నిలబెట్టి వెనక నుంచి మీరు నడిపే పని మాత్రం చేయకండి, ఆ పని ఇప్పుడున్నవాళ్లు బాగానే చేస్తున్నారు.

ఓటు ఒక్కటే దారి కూడా కాదు. పక్క రాయగడ జిల్లా వైపున్న నియమగిరి కొండల్ని మర్చిపోతే ఎలా? అక్కడ బాక్సైట్ తవ్వొచ్చా అన్నది సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్‌లో గ్రామసభల్నే అడగమంది. జులై, ఆగస్టుల్లో 12 ఊళ్లలో, ఏడు రాయగడవి, ఐదు కలహండివి, జడ్జి ఎదుట పల్లీసభలు, అంటే ఊరివాళ్లందరూ కూర్చునే సభలు, జరిగాయి. పన్నెండూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. ఆ ఊళ్లలో కొన్ని ఇరవై ముప్ఫై ఇళ్లు కూడా లేనివి. మీ ఊళ్లో పల్లీసభ ఎప్పుడు జరిగిందో, మినిట్స్ పుస్తకంలో మీ సంతకం ఎవరు పెట్టారో వెళ్లి చూడండి. చూశాక నాకు రాయండి, ఎన్నికల సంగతి అప్పుడు మాట్లాడదాం.

ఇంకో అమెరికా ముక్క, చిన్నది. ఐడహో కూడా గట్టి రిపబ్లికన్ రాష్ట్రమే. పేదలకి మెడిక్‌ఎయిడ్ అనే వైద్య సాయాన్ని పెంచమంటే శాసనసభ ఏళ్ల తరబడి కుదరదంది. కొంతమంది కుర్రాళ్లు పాత క్యాంపర్ బండికి ఆకుపచ్చ రంగు వేసి ఊరూరా తిరిగి సంతకాలు సేకరించి, 2018 నవంబరులో దాన్ని నేరుగా జనం ఓటుకి పెట్టారు. పదిమందిలో ఆరుగురు అవునన్నారు. ఆ ఆరుగురిలో చాలామంది అదే కాగితం మీద మళ్లీ రిపబ్లికన్‌కే ఓటేశారు. పార్టీ మార్చుకోమని అడిగి ఉంటే తలుపు తీసేవారు కాదు.

ప్రశ్న: మా అబ్బాయి మీరు చెప్పే ఇలాంటి పనుల్లో తిరుగుతున్నాడు. స్టేషన్ నుంచి ఒకసారి పిలిచి అడిగారు. మా చిన్నప్పుడు ఈ కొండల్లో ఏం జరిగిందో మాకు తెలుసు. నక్సలైట్ అని ముద్ర వేస్తే వాడి బతుకేం కావాలి? మా ఆవిడ నిద్రపోవడం లేదు, చాలా టెన్షన్‌గా ఉంది. (గుణుపురం)

జవాబు: అన్నయ్యా, భయం లేదని రాస్తే అబద్ధం అవుతుంది. 1967లో లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనుల్ని భూస్వాముల మనుషులు కాల్చి చంపాక శ్రీకాకుళం కొండలు ఎలా మండాయో, తర్వాత రెండుమూడేళ్లలో ఎన్ని ఇళ్లలో కుర్రాళ్లు తిరిగి రాలేదో మన తరానికి ఎవరూ చెప్పక్కర్లేదు. మా ఇంట్లోనే మా చిన్నాన్న పేరు పైకి అనేవాళ్లు కాదు. పైన చెప్పిన డకోటా రైతుల్ని కూడా మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో దేశద్రోహులన్నారు, ఆ లీగ్ మనుషులకి కొన్ని ఊళ్లలో తారు పూసి ఈకలు అంటించారు. పేరు పెట్టడం ఎప్పుడూ ఉంటుంది.

మీవాణ్ని మానేయమని నేను చెప్పను, చెప్పినా వినడు. కొన్ని జాగ్రత్తలు చెబుతాను. ప్రతి పనీ పట్టపగలు, పదిమందిలో. ప్రతి అర్జీకీ రసీదు, ఒక కాపీ మీ ఇంట్లో ట్రంకు పెట్టెలో. మీటింగు పెడితే పర్మిషన్ లెటరు. స్టేషన్‌కి పిలిస్తే ఒక్కడూ వెళ్లకూడదు, ఊరి టీచరో వకీలో ఒకరు తోడు ఉండాలి. ఫోన్‌లో గ్రూపుల్లో ఆవేశపడి పెట్టే మెసేజ్‌లు మాత్రం మాన్పించండి, వీళ్లు పీకల మీదికి తెచ్చుకునేది ఎక్కువగా అక్కడే.

ఇంకోటి, ఇది మీరు చేయాల్సింది. కోతలయ్యాక మండీ తెరుస్తారు కదా, రోజూ అక్కర్లేదు, వారానికి ఒక పూట మీరూ వెళ్లి మీవాడి పక్కన ఆ అరుగు మీద కూర్చోండి. తలపాగా చుట్టుకునే వెళ్లండి. పుస్తకం వాడు రాస్తాడు, మీరు కాటా చూసి అంకె పైకి చదవండి.